బోసి మెడ

మనిషి మెడలో బంగారం పెట్టడం నాకు చిటికెలో పని. నా కంప్యూటర్లో ‘బంగారం’ అని ఒక ఫోల్డరు ఉంది. కాసులపేరు, రెండు పేటల గొలుసు, నెక్లెసు, జుంకాలు, ముక్కుపుడక, గాజులు, అన్నీ విడివిడిగా కత్తిరించి దాచుకున్నవి. ఫోటోలో మనిషి ఏ వైపు తిరిగి ఉంటే ఆ వైపుకి నగను కాస్త వంచి, దాని కింద పల్చటి నీడ వేస్తే చాలు, పుట్టినప్పటి నుంచీ వేసుకున్నట్టే ఉంటుంది.

దుబాయ్ దేరాలో, నైఫ్ సందుల్లో ఉంటుంది మా ఫోటోల షాపు. మనవాళ్లు అక్కడికి వచ్చేది ముఖ్యంగా వీసా ఫోటోలకి. లేకపోతే, ఊళ్లో పోయినవాళ్ల పాత ఫోటోని పెద్దది చేయించుకోడానికి. బతికినన్నాళ్లూ చొక్కా గుండీలు పెట్టుకోని తండ్రికి కోటు తొడిగించమంటారు. వరినాట్లలో నడుం ఎత్తని తల్లికి పట్టుచీర కట్టమంటారు. అది మన అలవాటు. అందులో తప్పుందని నేనెప్పుడూ అనుకోలేదు. కొడుకులు అడుగుతారు, నేను చేస్తాను, వాళ్లు అది చూసి కళ్లు తుడుచుకుని ఫోటోని చంకలో పెట్టుకుని వెళ్తారు.

నేను పెట్టనని మొండికేసింది ఒక్కసారే. ఆ ఒక్కసారి జరిగిన దాని గురించి నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ‘ఎప్పుడో అయిపోయింది గదా, ఇంక వదిలెయ్యి’ అంటారు చుట్టాలంతా. వదిలెయ్యమనే వాళ్లెవరికీ అందులో పోయిందేమీ లేదు. నేను వదలను.

ముందు గోడమీది ఆవిడ గురించి చెప్పాలి. మా షాపు యజమాని హైదరాబాదు ఆయన. ఆయన్ని మేం ముదీర్ అని పిలుస్తాం, అరబ్బీలో మేనేజరని. వీసా ఫోటోలతో అద్దె కూడా రాదని, పెద్ద బొమ్మల్ని కాన్వాసు మీద అచ్చువేసే మిషను ఒకటి కొన్నాడు. కాఫీ షాపులకీ విల్లాలకీ గోడలు అలంకరించే మేడమ్‌లు పాత యూరపు పెయింటింగులు అడుగుతుంటారు. మేం వాటిని అచ్చువేసి, పాతబడినట్టుండే ఫ్రేములు కట్టి ఇస్తాం. అలా ఒక మేడమ్ పదిహేడో శతాబ్దం నాటి డచ్చి వాళ్ల బొమ్మలు కొన్ని చేయించింది. పళ్లు, ఓడలు, పువ్వులు అన్నీ తీసుకెళ్లింది గానీ ఒక ఆడమనిషి బొమ్మని మాత్రం వెనక్కి పంపేసింది. కేకు తినేవాళ్ల ఎదురుగా ఇంత విచారంగా ఉన్న మొహం ఎందుకు అందట. ముదీర్ తిట్టుకుంటూనే దాన్ని కౌంటరు పైన, పాత ఏసీ తీసేసిన కన్నానికి అడ్డంగా తగిలించాడు.

బొమ్మలో ఆవిడ గొంతు దాకా నల్లటి గౌను వేసుకుని ఉంటుంది. భుజాల మీద పరుచుకున్న తెల్లటి కాలరు, జుట్టంతా కప్పేసిన తెల్లటి టోపీ. చెవులకి ఏమీ లేదు, మెడలో ఏమీ లేదు. వెనక గోధుమరంగు చీకటి. ఎడమవైపు నుంచి వెలుగు వచ్చి ఒక చెంప మీద పడుతుంది. ఒక చెయ్యి పొట్ట మీద ఆనించి, రెండో చేతిలో ఒక జత గ్లౌజులు పట్టుకుని ఉంటుంది. నవ్వదు. అలాగని ఏడుపు మొహమూ కాదు. చేస్తున్న పని ఆపి, మీరు చెప్పేది వింటున్నట్టు ఉంటుంది. ఆ మేడమ్‌కి ఎక్కడ విచారం కనపడిందో నాకు అర్థం కాలేదు. నగలు లేకపోతే విచారమే అనుకుంటారు కాబోలు.

ఇప్పుడు అక్క. మా అమ్మకి మేం ఇద్దరమే. అక్క నాకంటే చాలా ముందు దుబాయ్ వచ్చింది. ఒక విల్లాలో వంట, పిల్లల పని, ఇల్లు తుడవడం అన్నీ తనే. పెళ్లినాటికి అమ్మ తన నగలన్నీ అక్కకి పెట్టింది. కాసులపేరు, రెండు పేటల గొలుసు. మా బావ ఆ బంగారం తాకట్టు పెట్టి రొయ్యల చెరువు వేశాడు. తెగులొచ్చి చెరువు పోయింది. పోతే పోయింది, ఎవరి చెరువులు పోలేదు? కానీ బావ ఆ నగలు విడిపించలేదు. అక్క దుబాయ్ నుంచి డబ్బు పంపడం మొదలుపెట్టాక కూడా విడిపించలేదు. ఆ డబ్బుతో మళ్లీ చెరువు వేశాడు, మళ్లీ పోగొట్టాడు. అక్క మెడలో పసుపుతాడు కూడా తెగి, నల్లదారం ఒకటి ఉండేది.

ఇక్కడికొచ్చిన కొన్నాళ్లకి అక్క తెల్లచీరల సంఘంలో చేరింది. మా గోదావరి వైపు వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. మేమందరం పెద్ద చర్చి వాళ్లం, పెళ్లిళ్లకి నగలు పెట్టుకునే రకం. ఆ సంఘం వాళ్లు అలాక్కాదు. బాప్తిస్మం తీసుకున్నాక తెల్లచీర కట్టాలి, పొడుగు చేతుల రవిక వెయ్యాలి, ఒంటిమీద నగ అనేది ఉండకూడదు. అక్క ఆ బాప్తిస్మం తీసుకుందని తెలిసి బావ ఫోన్లో ఎగతాళి చేశాడు. “తియ్యడానికేముందే నీ ఒంటిమీద?” అన్నాడట. అక్క అది నాకు చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ నోటిని పట్టుకుని గోడకి రుద్దాలనిపించింది.

దేవుడి మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, ఆ సంఘం మా అక్కకి చేసిన మేలు నాకు తెలుసు. పోయిన నగల గురించి సంజాయిషీ చెప్పుకునే మనిషి, నాకు నగలు అక్కర్లేదు అని తలెత్తి చెప్పుకునే మనిషి అయింది.

2020లో చలికాలం పోతుండగా, ఒక శుక్రవారం, అప్పట్లో ఇక్కడి వారపు సెలవు, ప్రార్థన నుంచి అక్క నేరుగా మా షాపుకి వచ్చింది. పాస్‌పోర్టుకి ఫోటోలు కావాలి. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, కౌంటరు పైకి చూసి, గబుక్కున చేతులు జోడించింది.

“వందనాలమ్మా,” అంది.

నేను ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను. “ఎవరికక్కా వందనాలు?”

“దొరసానమ్మకిరా. మన మిషను ఆసుపత్రిలో మెట్ల దగ్గర గోడకుండేది గదా ఈవిడ ఫోటో. నువ్వు పుట్టింది అక్కడే.”

నాకు నవ్వాగలేదు. ఈవిడ దొరసాని కాదు, ఎప్పుడో వందల ఏళ్ల కిందటి డచ్చి ఆవిడ, మన ఊరు మొహం చూసి ఉండదు అని చెప్పాను. అక్క ఒప్పుకుంటేగా.

“నాకు చెప్పకెహె. అది బైబిలు చదివే మొహం. చూడు, మెడలో పూస లేదు, చెవికి పోగు లేదు. మా సంఘం ఆవిడే,” అంది. అంతలోనే దగ్గరికి వెళ్లి మడమలెత్తి చూసింది. “ఆ చేతిలో ఏంట్రా, పేలికల్లాగ?”

“గ్లౌజులు.”

“ఏం పని చేసేదంట?”

“పనికి కాదక్కా. డబ్బున్నోళ్లు బయటికెళ్లేటప్పుడు వేసుకునేవాళ్లు.”

“ఓస్, నాకూ ఉన్నాయి గ్లౌజులు. పసుపచ్చవి. అంట్లు తోమేవి,” అని పకపకా నవ్వింది.

పాస్‌పోర్టు ఫోటోలు తీశాక అక్క స్టూలు మీంచి లేవలేదు. ఆ బొమ్మకేసి తిరిగి, దాన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు అన్న మాట నాకు ఇవాళ అన్నట్టుగా వినపడుతుంది.

“ఒరేయ్, నేనూరెళ్తే అందరూ నా మెడకేసే చూత్తారురా. పాపం అంటారు. ఇన్నేళ్లు దుబాయ్‌లో ఉండి పాపం అంటారు. ఈవిణ్ణి చూసి ఎవరైనా పాపం అంటారా? అనలేరు. నన్నూ అలాగే తియ్యి.”

తీశాను. షాపులో అటువైపు లైటు ఆపేసి, ఎడమ పక్క లైటొకటే ఉంచి, దానికి అడ్డంగా ట్రేసింగు కాగితం పట్టాను. వెనక గోధుమరంగు గుడ్డ వేలాడేశాను. అక్క తెల్లచీర చెంగు భుజాల మీదుగా కప్పుకుని, చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. బ్లీచింగు నీళ్లకి చర్మం పగిలి ఉన్న చేతులు. చీరలో దాచుకుంటుందేమో అనుకున్నాను. దాచలేదు.

రెండో ఫోటో సరదాకి తీసింది. షాపు బాత్రూము కడిగే పసుపచ్చ గ్లౌజులు తెచ్చి ఇస్తే, ఆవిడలాగే ఒక చేత్తో పట్టుకుంది. పట్టుకుని నవ్వబోయింది. నేను బొమ్మకేసి చూపించి, ఆవిడ నవ్వుతోందా అన్నాను. అక్క నవ్వు లోపలికి మింగేసింది. ఆ మింగిన నవ్వు పెదాల దగ్గర కాస్త మిగిలిపోయింది. నేను తీసిన ఫోటోలన్నిట్లోకీ అదే మంచి ఫోటో.

“మచ్చలూ అయ్యీ తుడిచేత్తావా?” అని అడిగింది స్క్రీన్ మీద తన మొహం చూసుకుని.

“నీ ఇష్టం.”

“తుడవకు. ఉన్నదున్నట్టుంచు. పెద్దది చేసి ఫ్రేము కట్టించు, ఊరెళ్లేటప్పుడు పట్టుకెళ్తా. ఇంట్లో గుమ్మానికెదురుగా తగిలిత్తాను. వచ్చినోళ్లందరూ చూడాల.”

అలాగే అన్నాను. తర్వాత చేద్దాంలే అనుకున్నాను, ఊరెళ్లేది ఎండాకాలంలో గదా అని.

ఆ ఎండాకాలం విమానాలు లేవు. మా నైఫ్ సందులకి అడ్డంగా కంచెలు పెట్టేశారు. అక్కకి జ్వరం వచ్చిందని విల్లా వాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను గదిలో, మంచాల మీద మంచాలున్న గదిలో, కిటికీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆసుపత్రిలో చేర్చాక ఒకసారి వీడియో కాల్ చేసింది. మాట్లాడలేక చెయ్యి ఊపింది. తర్వాత ఆ ఫోన్ ఎవరూ ఎత్తలేదు. జబల్ అలీ వైపు శ్మశానంలో, మాస్కులు వేసుకుని, దూరందూరంగా నిలబెట్టిన కొద్దిమందిలో నేనూ ఉన్నాను. పెట్టె మూసే ఉంది. మొహం చూపించమని అడిగే వీలు కూడా లేదు.

శవం ఊరికి వెళ్లలేదు. అమ్మ చూడలేదు, ఊరు చూడలేదు. కాబట్టి ఊళ్లో జరిగే జ్ఞాపకార్థ కూడికలో ఏ ఫోటో పెడతారో అదే అక్క. అందరూ ఆఖరిసారి చూసేది దాన్నే. ఇది నాకు తెలుసు, బావకీ తెలుసు.

చేతులు ముడుచుకున్న ఫోటోని బావకి వాట్సాప్‌లో పంపాను. గ్లౌజులది పంపలేదు, అది వాళ్లకి అర్థం కాదు. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

“ఏంట్రా బావమర్దీ ఇది, జైల్లో తీసినట్టుంది? ఫ్లెక్సీకి బాగుండదు. నీ పనే గదా ఇది, మంచి పట్టుచీర కట్టించి, మెడలో కాసులపేరూ రెండు పేటల గొలుసూ పెట్టు. చేతులకి గాజులు. కాత్త నవ్వుతున్నట్టు చెయ్యి.”

కాసులపేరు, రెండు పేటల గొలుసు. ఏవైతే తీసుకెళ్లి చెరువులో పోశాడో సరిగ్గా అవే. మతిమరుపో, సిగ్గులేనితనమో నాకిప్పటికీ తెలీదు. నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోన్ చేశాను.

“పెట్టను బావా. అక్క సంఘంలో నగలు పెట్టుకోరు. తనే ఇలా తియ్యమంది.”

“సంఘం లేదు గింఘం లేదు. ఊళ్లో మా పరువేం కావాలి? ఇన్నేళ్లు దుబాయ్‌లో చేసిన మనిషి మెడ బోసిగా కనపడితే నలుగురూ ఏమనుకుంటారు?”

“ఉన్నదే అనుకుంటారు.”

“అంటే ఏంట్రా?”

“అంటే నువ్వు తీసేశావనుకుంటారు. తీసేశావు గదా.”

అవతల నుంచి బూతులు వచ్చాయి. నేను కూడా తిట్టాను. మా అమ్మ ఫోన్ తీసుకుని, “నగలు పెట్టెయ్యరా, గొడవెందుకు, నా పిల్లని అలా మోడులాగ చూడలేను,” అని ఏడ్చింది. అమ్మ ఏడుపుకి కూడా నేను కరగలేదు. అమ్మా, అది మోడు కాదు, అక్క ఆ ఫోటో తియ్యమని అడిగి తీయించుకుంది అని చెప్పాను. అమ్మకి ఎక్కలేదు.

షాపులో ముదీర్ ఇదంతా విన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు, వ్యాపారం మనిషి. “అరే భాయ్, ఏముంది దాంట్ల? కస్టమర్ ఏం అడిగితే గది పెట్టెయ్, ఖలాస్. రోజూ పెడ్తనే ఉన్నవ్ గద,” అన్నాడు.

నిజమే, రోజూ పెడుతూనే ఉన్నాను. నగలు లేనివాళ్లకి, ఒక్కసారైనా వేసుకోవాలని ఆశపడి పోయినవాళ్లకి పెట్టాను. అది వాళ్ల ఆశ తీర్చడం. ఉన్న నగలు ఊడదీసుకున్నవాడు, పైసా ఖర్చు లేకుండా వాటిని తిరిగి పెట్టించుకుని ఊళ్లో పెద్దమనిషి అయిపోతానంటే, ఆ పని చెయ్యడానికి నా చెయ్యి ఎందుకు రావాలి? అదీ మా అక్క మెడ మీద. నేను ఫోల్డరు తెరవలేదు.

బావ ఆగుతాడా? కూడిక రోజు ఊరి నుంచి మా పిన్ని కొడుకు వీడియో కాల్ పెట్టి ఫ్లెక్సీ వైపు తిప్పాడు. ‘ప్రభువునందు నిద్రించిన’ అని పెద్దక్షరాలు. కింద అక్క. నేను పంపిన ఫోటోలోంచి మెడ పైభాగం కత్తిరించి, ఒక ఎర్రపట్టుచీర ఒంటికి అతికించారు. చెంపల మచ్చలు పోయాయి. పెదాలకి రంగు. మెడలో కాసులపేరు, దాని మీద ఇంకేదో హారం.

ఆ ఒళ్లు నాకు తెలుసు. ఫోటో షాపుల వాళ్లందరి దగ్గరా తిరిగే పట్టుచీర ఒళ్లు అది. ఎవరో పెళ్లికూతురిది అయ్యుంటుంది. నా కంప్యూటర్లో కూడా ఉంది. ఒళ్లో పెట్టుకున్న చేతులు నున్నగా, తెల్లగా, గోరింటాకుతో ఉంటాయి. మా అక్క చేతులు కోసేసి ఆ చేతులు పెట్టారు. నగలకంటే నాకు అదే ఎక్కువ మంట. ఆ ఇంటి పైకప్పు దగ్గర్నుంచి బావ నడిపే మోటార్‌సైకిల్ దాకా అన్నీ ఏ చేతులు సంపాదించాయో, ఆ చేతులే లేకుండా చేశారు. దాని ముందు నిలబడి పాస్టరుగారు సద్గుణవతి అయిన భార్య గురించి ప్రసంగం చెప్తుంటే, బావ తెల్లచొక్కాలో రుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. నేను ఫోన్ గోడకేసి కొట్టాను. స్క్రీన్ పగిలింది. పగిలిన దాంతోనే చాలా రోజులు నడిపాను.

షాపు మళ్లీ తెరిచాక నేను చేసిన మొదటి పని, గ్లౌజుల ఫోటోని కాన్వాసు మీద అచ్చువెయ్యడం. డచ్చి ఆవిడ ఎంత ఉందో అంత సైజు. అదే రకం నల్ల ఫ్రేము. మచ్చలు తుడవలేదు. చేతుల పగుళ్లు మిషనుకి ఎంత చేతనైతే అంత స్పష్టంగా వచ్చేట్టు చూశాను. ముదీర్ వచ్చి చూసి, కాన్వాసు ఎవరి లెక్కలో రాయాలి అనబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. నిచ్చెన తనే తెచ్చి పట్టుకున్నాడు. అక్కని ఆవిడ పక్కన తగిలించాను. ఊళ్లో గుమ్మానికి ఎదురుగా కాకపోతే పోయె, నైఫ్ సందులో గుమ్మానికి ఎదురుగా.

చాలామంది అడిగేవాళ్లు, ఎవరీమె అని. మా అక్క అని చెప్పేవాణ్ణి. మనవాళ్లు కొందరు గ్లౌజులు చూసి నవ్వేవాళ్లు, తర్వాత నవ్వు ఆపి ఇంకోసారి చూసేవాళ్లు. విల్లాల్లో పనిచేసే ఆడవాళ్లయితే అసలు నవ్వేవాళ్లు కాదు. పాపం అని మాత్రం ఎవరూ అనలేదు. ఈ మాట అక్కకి చెప్పాలని ఉంటుంది.

అప్పుడొచ్చింది మళ్లీ ఆ గోడలు అలంకరించే మేడమ్. తను వెనక్కి పంపిన బొమ్మ ఇంకా ఇక్కడే ఉందా అని ఆశ్చర్యపోయి, కాస్త బాధపడి, దాని గురించి నాకు పాఠం చెప్పింది. ఆవిడ వేసుకున్న నలుపు మామూలు నలుపు కాదట. ఆ రోజుల్లో అంత చిక్కటి నల్లరంగు అద్దకం చాలా ఖరీదట. ఆ కాలరు నార కూడా ఖరీదేనట. ఆవిడ ఎవరో పెద్ద వర్తకుడి భార్య అయ్యుంటుందట. డబ్బు చూపించుకోవాల్సిన అవసరం లేనంత డబ్బన్నమాట, అంది ఇంగ్లీషులో, ముచ్చటపడిపోతూ.

తర్వాత పక్కకి చూసింది. “ఈ పనిమనిషి ఎవరు? గ్లౌజులు అద్భుతం. ఎంత తెలివైన ఐడియా! మా కొత్త కేఫ్‌కి సరిగ్గా సరిపోతుంది. ఎంత?” అంది.

డచ్చి ఆవిడ మెడ బోసిగా ఉంటే అది హుందాతనం. మా అక్క మెడ బోసిగా ఉంటే ఐడియా. ఊళ్లో అయితే దరిద్రం. ఒకే మెడ, ఒకే గోడ, ఒకే సైజు ఫ్రేము. అయినా చూసే కళ్లకి ముందు వీళ్లెవరి భార్య, ఎంత ఆస్తి అన్నది తెలిస్తే గానీ మర్యాద పుట్టదు.

“అమ్మకానికి కాదు,” అన్నాను.

“కాపీ అయినా సరే.”

“కాపీ కూడా లేదు మేడమ్. ఈవిడ పనిమనిషి కాదు, మా అక్క. పక్కనావిడ కావాలంటే తీసుకెళ్లండి, ఒకసారి మీరే చేయించారు గదా.”

మేడమ్ తీసుకెళ్లలేదు. ముదీర్ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ డచ్చి ఆవిడ మీద కూడా నాకు ఆ తర్వాత కొన్నాళ్లు కోపం వచ్చింది. అక్క నిన్ను సంఘం మనిషి అనుకుని దణ్ణం పెట్టింది, నువ్వేమో మెడలో లేనిదంతా ఒంటిమీద కట్టుకుని కూర్చున్నావు అని. కానీ రోజూ షట్టరు ఎత్తగానే కనపడేది వాళ్లిద్దరే. ఎంతకాలమని కోపంగా ఉంటాం? తీసుకున్నదేదో ఆవిడ తన మొగుడి దగ్గర తీసుకుంది గానీ మా అక్క దగ్గర కాదు. ఆ కోపం పోయింది. అసలు కోపం ఎవరి మీదో వాడి మీదే ఉండిపోయింది.

వాడు 2023లో వచ్చాడు. చెరువులు అన్నీ అయిపోయాక, ఎవరినో పట్టుకుని దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ అనే ఏరియాలో ఒక కంపెనీలో డ్రైవరు పని సంపాదించాడు. కంపెనీ ఫైలుకి ఫోటోలు కావాలి. ఎవరో మనవాళ్ల షాపు ఉందని చెప్పి పంపించారో, నేనున్న షాపని తెలిసే వచ్చాడో నేనడగలేదు. ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చి, “ఏంట్రా బావమర్దీ, బాగున్నావా?” అన్నాడు, మధ్యలో ఏమీ జరగనట్టు.

కాస్త లావయ్యాడు. చొక్కా పై గుండీ తీసి ఉంది. మెడలో బంగారు గొలుసు, చూపుడు వేలంత లావు. అక్క పోయాక విల్లా వాళ్లు లెక్కకట్టి పంపిన డబ్బు ఎటెళ్లిందో నాకు అప్పుడు తెలిసింది.

“కూర్చో,” అన్నాను.

స్టూలు మీద కూర్చున్నాడు. అక్క కూర్చున్న స్టూలే. గోడ అతని వీపు వైపు ఉంది. లోపలికి వచ్చినప్పుడు పైకి చూడలేదు. చూసే అలవాటు లేదు ఆ మనిషికి. తెల్ల తెర దించి, రెండు లైట్లూ వేసి ఫోటో తీశాను. గొలుసు లోపలికి తోసుకోబోయి, మళ్లీ పైకి లాక్కుని సర్దుకున్నాడు, కనపడాలని.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. పెట్టడం కంటే తియ్యడం ఇంకా తేలిక. మెడ మీది చర్మాన్నే కొంచెం తీసుకుని గొలుసు మీద పరిచేస్తే చాలు. నీడ కూడా వదల్లేదు. కాగితం మీద అచ్చువేసి, కత్తిరించి, చిన్న కవర్లో పెట్టి అతని చేతికిచ్చాను.

బావ బయటికి తీసి చూసుకున్నాడు. చెయ్యి తనకి తెలీకుండానే మెడ మీదికి వెళ్లి గొలుసు తడుముకుంది.

“ఏదిరా నా గొలుసు?”

“అక్కకి పెట్టమన్నావు గదా బావా.”

అర్థంకానట్టు నాకేసి చూశాడు. నేను పైకి, గోడవైపు చూశాను. అప్పుడు తిరిగాడు. అక్క మెడ బోసిగా ఉంది. చేతిలో పసుపచ్చ గ్లౌజులున్నాయి. ఫ్లెక్సీలో కోసేసిన చేతులు, పగుళ్లతో సహా, అతని తల కంటే పైన ఉన్నాయి. ముదీర్ క్యాలిక్యులేటరు నొక్కడం ఆపేశాడు.

బావ ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. అదీ చెయ్యలేదు, ఇదీ చెయ్యలేదు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

“ఇంకోటి తియ్యరా,” అన్నాడు మెల్లగా, నాకేసి చూడకుండా.

“నా దగ్గర ఇలాగే వస్తాయి.”

ఆ ఫోటోలే జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ కంపెనీ ఆఫీసులో ఎక్కడో ఒక ఫైల్లో, మా బావ ఇవాళ్టికీ బోసి మెడతోనే ఉన్నాడు.